వెనక వరుస

నన్ను వెనక వరుసలోకి మార్చినప్పుడు మధ్యాహ్నం ప్రాక్టీసు జరుగుతోంది. మస్కట్‌లో, రూవీలో, ఒక హోటల్ మొదటి అంతస్తులో మా స్టేజి ఉండేది. రాత్రి రంగు లైట్లలో కింద కూర్చున్నవాళ్ళకి అది ఎలా కనిపించేదో నాకు తెలియదు. పగలు మాత్రం ట్యూబ్‌లైట్ల కింద, కుర్చీలు బల్లల మీద బోర్లించి, ఫినాయిల్ వాసనతో, పెళ్ళివారు ఖాళీ చేసి వెళ్ళిన కల్యాణమండపంలా ఉండేది.

మేనేజరు టీ కప్పు చేత్తో పట్టుకుని వచ్చాడు. పాట ఆపించాడు. హిందీలో, మామూలు గొంతుతోనే, "నువ్వు కొంచెం వెనక్కి నిలబడు. అక్కడ కొత్త అమ్మాయికి చోటివ్వు" అన్నాడు.

నేను వెనక్కి నడిచాను. నాలుగడుగుల దూరం. అక్కడ ఏసీ గాలి నేరుగా మెడ మీద పడుతోంది. ఇటువైపు చల్లగా ఉందే అనుకున్నాను. ఆ క్షణంలో నాకు వచ్చిన ఆలోచన అదొక్కటే. పాట మళ్ళీ మొదలైంది, మొదటి అడుగు వేశాను.

మా పని గురించి కొంచెం చెప్పాలి. వినేవాళ్ళు ఏదేదో ఊహించుకుంటారు కాబట్టి. పది పన్నెండు మంది ఆడవాళ్ళం లంగా ఓణీలో, మెరిసే చీరల్లో స్టేజి మీద ఉండేవాళ్ళం. హిందీ, తెలుగు, తమిళ, మలయాళం పాటలకి ఒకరి తర్వాత ఒకరం ముందుకొచ్చి ఆడేవాళ్ళం. పాట లేనివాళ్ళు వరుసలో నిలబడి నడుము కదుపుతూ నవ్వుతూ ఉండాలి. కిందికి దిగకూడదు. కస్టమరుతో మాట్లాడకూడదు. ఎవరికైనా ఒక అమ్మాయి నచ్చితే వెయిటరు చేత ప్లాస్టిక్ పూలదండ పంపిస్తారు. అది మెడలో వేయించుకుని, దణ్ణం పెట్టి, మళ్ళీ తీసి ఇచ్చేయాలి. అదే దండ ఆ రోజు ఇంకో ఆరుగురి మెడలో పడుతుంది. దండలు ఎవరికి వస్తున్నాయో వాళ్ళు ముందు వరుసలో ఉంటారు. ఎవరికి రావడం మానేశాయో వాళ్ళు వెనక్కి వెళతారు. వెనక వరుసలో ఎన్నాళ్ళుంటారనేది మేనేజరు చేతిలో ఉంటుంది.

అప్పటికి నా వయసు ముప్ఫై నాలుగు. పాస్‌పోర్టులో ఇరవై ఎనిమిది.

నేను డాన్సులోకి వచ్చింది పద్దెనిమిదో ఏట. కాకినాడ చుట్టుపక్కల ఊళ్ళలో తీర్థాలకీ జాతరలకీ రికార్డింగ్ డాన్సు కట్టే మేళంలో చేరాను. తొమ్మిదేళ్ళు లారీల మీద, తడికెల స్టేజీల మీద ఆడాను. మా మేళంలో అందరికంటే బాగా ఆడే ఆవిడకి ముప్ఫై ఒకటి రాగానే తల్లి వేషాలిచ్చారు. మధ్యలో వేసే చిన్న నాటికలో ముసలి నవ్వు నవ్వి లోపలికి వెళ్ళిపోవడం ఆవిడ పని. ఆ తర్వాత అదీ పోయి, మేళానికి వంట చేసేది. నాకు ఇరవై ఏడు వచ్చినప్పుడు, దుబాయ్‌కీ మస్కట్‌కీ అమ్మాయిల్ని పంపే ఏజెంటు మా ఊరొచ్చాడు. నన్ను నిలబెట్టి చూసి, "మొహం పర్లేదు. వయసే కొంచెం ఎక్కువ. అది నేను చూసుకుంటాలే" అన్నాడు. చూసుకున్నాడు. కాగితాల్లో నా వయసు ఆరేళ్ళు తగ్గింది.

మొదట్లో రెండు వయసులూ గుర్తుపెట్టుకునేదాన్ని. తర్వాత ఒకటి మర్చిపోయాను. పాస్‌పోర్టులో ఉన్న తేదీకి అమ్మాయిలు కేకు తెచ్చేవాళ్ళు, కోసేదాన్ని. అసలు పుట్టినరోజు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు వెళ్ళిందో నాకే తెలిసేది కాదు.

మోకాలి ఇబ్బంది మొదలై అప్పటికి ఏడాది. ఎడమ మోకాలు. హోటల్ వెనక ఫ్లాటులో మమ్మల్ని ఉంచేవారు. ఆ మెట్లు దిగేటప్పుడు లోపల ఏదో సన్నగా నలిగినట్టు అనిపించేది. నాకు అదొక చప్పుడులా తోచేది కానీ నొప్పిలా ఉండేది కాదు. వెనక వరుసలోకి వెళ్ళిన వారంలోనే అది వాచింది. మేనేజరు కారిచ్చి, డ్రైవరుతో క్లినిక్‌కి పంపించాడు.

అక్కడ నర్సు తెలుగావిడ. నా పేరు చూసి తెలుగుదాన్నని గుర్తుపట్టినట్టుంది. కాగితం మీద రాస్తూ తెలుగులోనే అడిగింది.

"వయసెంతండి?"

"ఇరవై ఎనిమిది."

రాసుకుంది. తర్వాత లేచి తెర లాగింది. "మాది భీమవరం దగ్గరండి. మీదెక్కడ?"

"కాకినాడ పక్కనండి."

"ఏమనుకోకండి. కార్డులో ఏముందో అదే రాశాను, అదే ఉంటుంది. కానీ డాక్టరుగారికి అసలు సంగతి తెలిస్తే మందు సరిగ్గా ఇస్తారు. ఎంతండి?"

వెంటనే చెప్పలేకపోయాను. దాచాలని కాదు. అసలు వయసు పైకి అని ఏడేళ్ళయింది. మనసులో లెక్క వేసుకుని ముప్ఫై నాలుగు అన్నాను. ఆవిడ ఎక్కడా రాసుకోలేదు.

"ఏం పని చేస్తారండి?"

"హోటల్లో."

"వంటా, హౌస్ కీపింగా?"

"డాన్సండి."

బీపీ పట్టీ నా చేతికి చుడుతోంది అప్పుడు. ఆవిడ మొహం మారుతుందేమోనని చూశాను. మారలేదు. "హీల్స్ వేసుకుని ఆడతారా?" అని అడిగింది.

"అవునండి."

"ఎన్ని గంటలు?"

"ఆరు. నిలబడేది కూడా కలిపితే."

డాక్టరు ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చూశాడు. ఎముకల మధ్య గుజ్జు అరిగిపోయిందని, ఆరు వారాలు కాలుకి విశ్రాంతి ఇవ్వాలని, వీలైతే ఈ పని మానేయాలని చెప్పాడు. ఆ మాటలే మేనేజరుకి చెప్పాను. అతను మంచివాడే. కేకలు వేసే రకం కాదు. ఆలోచించి మూడు రోజులిచ్చాడు. నాలుగో రోజు లంగా కింద మోకాలి పట్టీ వేసుకుని వెనక వరుసలో నిలబడ్డాను. వెనక వరుసలో పట్టీ కనబడదు. అది ఒక సుఖం.

నా చోటు తీసుకున్న కొత్త అమ్మాయిది కడప వైపు. ఇరవై రెండేళ్ళుంటాయి, ఆ అమ్మాయి కాగితాలు నిజమైతే. వచ్చిన రెండో వారంలో మేనేజరు నన్ను పిలిచి, "నీ పాట దానికి నేర్పు" అన్నాడు.

నా పాట అంటే నేనొక్కదాన్నే మధ్యలో నిలబడి ఆడే తెలుగు పాట. వేగంగా ఉంటుంది. దాన్ని ఐదేళ్ళు ఆడాను. ఆ హోటల్‌కి వచ్చే తెలుగువాళ్ళు ఆ పాట కోసం అడిగేవారు. నేర్పుతానన్నాను. వద్దనడానికి నాకు కారణమేమీ తట్టలేదు.

మధ్యాహ్నాలు ఇద్దరం ఖాళీ స్టేజి మీద నిలబడేవాళ్ళం. అమ్మాయి చురుకైనది. ఒకసారి చూపిస్తే పట్టుకునేది. ప్రశ్నలు అడిగేది.

"అక్కా, ఈడ చెయ్యి పైకెత్తకుండా నడుము కాడనే తిప్పుతావు, యాలక్కా?"

చాలా ఏళ్ళ కిందట, వేరే హోటల్లో, తడి స్టేజి మీద జారి పడి నా భుజం తప్పింది. రెండు నెలలు చెయ్యి పైకి లేవలేదు. లేవని చేతిని నడుము దగ్గరే తిప్పుతూ ఆడాను. అది బాగుందని ఎవరో అన్నారు. భుజం నయమైనా చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఇదంతా ఆ అమ్మాయికి చెప్పలేదు.

"అది స్టైలు" అన్నాను.

"ఓ" అంది. అలాగే తిప్పింది.

నాలుగు రోజుల్లో పాట మొత్తం వచ్చేసింది. ఐదో రోజు నేను స్టేజి దిగి, బోర్లించిన కుర్చీ ఒకటి తీసి వేసుకుని, కస్టమర్లు కూర్చునే చోట కూర్చున్నాను. ఇన్నేళ్ళలో అక్కడ కూర్చోవడం అదే మొదలు. మిగతా అమ్మాయిలు గోడ పక్కన కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. పాట పెట్టారు.

అమ్మాయి బాగా ఆడింది. నేను చూపిన ప్రతిదీ చేసింది. రెండో చరణంలో ఎడమవైపు తిరగాల్సిన చోట ఒక క్షణం ఆగి, బరువంతా కుడికాలు మీద వేసి, ఎడమ పాదాన్ని కొద్దిగా ఈడ్చి తిరిగింది. పాట ఆపమన్నాను.

"అక్కడెందుకు ఆగావు?"

"నువ్వు అట్లే ఆగుతావు గదక్కా."

"నేనా?"

"ఊ. నీ వీడియో ఫోన్లో పెట్టుకోని సూసినా, శానాసార్లు. ఆడ కాలు ఈడుస్తావు. బాగుంటాది సూసేదానికి."

గోడ పక్కన కూర్చున్నవాళ్ళ వైపు చూశాను. ఎవరూ నా వైపు చూడలేదు. వాళ్ళలో ఒకమ్మాయి రెండేళ్ళుగా నా పక్క మంచం మీదే పడుకునేది. "నేను కాలు ఈడుస్తున్నానా?" అని దాన్ని అడిగాను.

"ఇప్పుడు కాదక్కా, నిరుడు సలికాలం నుంచీ" అంది నెమ్మదిగా. "మేం అనుకున్నాం, నీకు తెలుసునని."

నాకు తెలియదు. అద్దం ముందు రోజూ ఆడాను. అద్దంలో మొహం చూసుకునేదాన్ని, కళ్ళు చూసుకునేదాన్ని, నడుము చూసుకునేదాన్ని. కాళ్ళ వైపు చూసిన గుర్తు లేదు.

"ఆ ఒక్కటీ వద్దు. అక్కడ ఆగకుండా తిరుగు" అన్నాను అమ్మాయితో.

మళ్ళీ పాట పెట్టారు. ఆగకుండా తిరిగింది. నేను తిరిగినదానికంటే బాగుంది. బాగుందని చెప్పాను. అమ్మాయి నవ్వి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నీళ్ళ కోసం వెళ్ళింది. నేను ఆ కుర్చీలోనే కాసేపు కూర్చున్నాను. బాధ వస్తుందేమోనని చూశాను. వంటగదిలోంచి ఉల్లిపాయలు వేగుతున్న వాసన వచ్చింది. ఆకలి వేసింది.

నా కాంట్రాక్టు అయిపోయే నెలలో మేనేజరు ఆఫీసులోకి పిలిచాడు. అది ఒక ఇరుకు గది. ఇనుప బీరువాలో మా పాస్‌పోర్టులు ఉండేవి. కూర్చోమన్నాడు. అతను ఎవరినీ కూర్చోమనడు కాబట్టి విషయం అర్థమైంది.

"ఇంక స్టేజి వద్దు నీకు. ఇంటికెళ్ళిపోతావా, లేకపోతే ఫ్లాటుకి ఇన్‌ఛార్జిగా ఉంటావా? పిల్లలు నీ మాట వింటారు" అన్నాడు.

అతను పూర్తి చేసేలోపే ఉంటానన్నాను. ఊళ్ళో అమ్మ పోయి నాలుగేళ్ళయింది. తమ్ముడి కుటుంబం ఉంది, వాళ్ళు మంచిగానే మాట్లాడతారు. కానీ అక్కడికి వెళ్ళి పొద్దున్నే లేచి ఏం చేయాలో నాకు తోచలేదు. ఇక్కడ ఏం చేయాలో ఎవరో ఒకరు చెబుతారు.

ఇన్‌ఛార్జి అంటే ఫ్లాటు తాళం నా దగ్గర ఉంటుంది. పన్నెండింటికి అందరినీ లేపాలి. ప్రాక్టీసు ముందు తిండి ఎంత తిన్నారో చూడాలి. ప్రతి శనివారం మిషను మీద ఒక్కొక్కరినీ నిలబెట్టి బరువు రాయాలి. ఎవరైనా బయటికి వెళ్ళాలంటే నాకు చెప్పాలి, నేను మేనేజరుని అడగాలి, అతను వద్దంటే నేను వద్దనాలి. రెండో నెలకి అమ్మాయిలు నన్ను అక్కా అనడం తగ్గించి, మేడమ్ అనడం మొదలుపెట్టారు. ఎలా పిలిచినా పలికేదాన్ని.

ఆ పని నాకు బాగా వచ్చింది. ఇది చెప్పుకోవడానికి ఇష్టంగా లేదు గానీ నిజం. పదహారేళ్ళు ఆడినదాన్ని కాబట్టి ఒంట్లో ఏది ముందు పోతుందో నాకు తెలుసు. మేనేజరు మొహాలు చూసేవాడు. నేను చీలమండలు చూసేదాన్ని. మెట్లు ఎక్కేటప్పుడు ఎవరు గోడ పట్టుకుంటున్నారో, మేకప్పు తీసినప్పుడు ఎవరి కళ్ళ కింద చర్మం వెంటనే సర్దుకోవడం లేదో, మోచేతి పైన కండ ఎవరికి వదులైందో చూసేదాన్ని.

ఒకరోజు మేనేజరు అడిగాడు. "ఎవరు ఎన్నాళ్ళు పనికొస్తారు, నువ్వు చెప్పు."

నా పక్క మంచం మీద పడుకునే ఆ అమ్మాయి సంగతి చెప్పాను. కాగితాల్లో ఇరవై ఐదు, అసలు ముప్ఫై. నడుము నొప్పికి మాత్రలు వేసుకునేది. అది నాకు తప్ప ఎవరికీ తెలియదు. "ఒక ఏడాది, అంతకంటే లేదు" అన్నాను. అడిగితే చెప్పాను. అడిగింది ఎందుకో తెలిసే చెప్పాను.

తర్వాతి నెలలో ఆ అమ్మాయిని పంపించేశారు. సామాను సర్దుకునేటప్పుడు నేను సాయం చేశాను. పెట్టె జిప్పు పడకపోతే దాని మీద కూర్చున్నాను. కారు ఎక్కే ముందు నన్ను కావలించుకుంది.

"నువ్వు లేకపోతే నన్ను పోయినేడే పంపేసేవారక్కా. నాకు తెలుసు" అంది.

"జాగ్రత్తగా వెళ్ళు" అన్నాను.

కారు వెళ్ళిపోయింది. పైకి వెళ్ళి, దాని మంచం మీద దుప్పటి తీసి, ఉతకడానికి వేశాను. ఆ సాయంత్రం చేపల కూర. రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నాను.

అప్పటి నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను, ఎందుకు చెప్పానని. పగ లేదు. ఆశ లేదు, చెప్పినందుకు నాకు దొరికింది ఏమీ లేదు. ఒక టైలరుని ఈ బట్ట ఎంతుందని అడిగితే చెబుతాడు కదా, అలా చెప్పాను. ఇంతకంటే మంచి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు.

కడప అమ్మాయికి ఈ సంగతులేవీ తెలియవు. ముందు వరుసలో మధ్యన నిలబడేది. దండలన్నీ దానికే. ఒక శనివారం బరువు చూస్తుంటే, మిషను దిగి అద్దం ముందు నిలబడి అడిగింది.

"నాకెన్నేండ్లు ఉందక్కా? స్టేజి మీద."

అది నన్ను అక్కా అనడం మానలేదు. నేను తల ఎత్తి చూశాను. పాదాలు, మోకాళ్ళు, నడుము, మెడ. అంతా కలిపి రెండు క్షణాలు పట్టి ఉంటుంది.

"నాలుగు. మోకాళ్ళు బాగుంటే ఐదు."

బస్సు ఎన్నింటికో చెబితే విన్నట్టు తల ఊపింది. వెంటనే వెళ్ళలేదు. అద్దంలోంచి నన్నే చూస్తూ ఉంది.

"అందర్నీ ఇట్లే సూస్తావా?"

"చూస్తాను."

"పొయినామెను గూడా సూసినావా?"

రాసుకుంటున్న పుస్తకం మూశాను. అమ్మాయి కేకలు వేయలేదు, ఏడవలేదు. మర్నాటి నుంచి స్నానాల గదిలోకి వెళ్ళి తలుపు గడియ పెట్టుకుని బట్టలు మార్చుకోవడం మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి అందరూ అంతే. పది మంది ఆడవాళ్ళు ఒక స్నానాల గది ముందు బట్టలు చేత్తో పట్టుకుని వరుసలో నిలబడేవారు. అంతకుముందు గదిలో ఎవరి ముందు ఎవరూ సిగ్గుపడింది లేదు. నేను గదిలోకి వస్తే దుప్పటి మెడ దాకా లాక్కునేవాళ్ళు.

రెండు నెలలు అలా గడిచాయి. కాంట్రాక్టు కాగితం మళ్ళీ వచ్చినప్పుడు సంతకం పెట్టలేదు. మేనేజరు ఆశ్చర్యపోయాడు.

"ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"లేదు."

"మరి?"

"మోకాలు" అన్నాను. అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.

మోకాలు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడల్లా భీమవరం నర్సు నాతో మాట్లాడేది. పని మానేశానని ఆవిడకి చెప్పాను. వాళ్ళ చర్చికి వచ్చే ఒకావిడ రూవీ పక్కనే హమ్రియాలో ఆడవాళ్ళ పార్లరు నడుపుతోందని, మనిషి కావాలంటోందని చెప్పింది.

"ఐబ్రోస్ వచ్చాండి మీకు?"

"వచ్చండి. మాకు మేమే చేసుకునేవాళ్ళం."

"ఇంకేం మరి. నేను మాట్లాడతాను."

వీసా మారడానికి ఇంటికి వెళ్ళి రావాల్సి వచ్చింది. తమ్ముడి ఇంట్లో నలభై రోజులున్నాను. వాళ్ళ పిల్లలు నన్ను ఒమన్ అత్త అని పిలిచారు. ఏం పని చేసేదాన్నో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. కొత్త వీసా వచ్చింది. తిరిగి వచ్చేశాను.

ఇప్పుడు హమ్రియాలో ఉంటున్నాను. రెండేళ్ళు దాటింది. రెండు కుర్చీల పార్లరు. తలుపుకి లోపలివైపు దళసరి పరదా, మగవాళ్ళు రాకూడదు. పైన ఒక గదిలో నేనూ, ఒక శ్రీలంక అమ్మాయీ ఉంటాం. కనుబొమలు, ముఖానికి బ్లీచింగు, జుట్టుకి రంగు, పండగలొస్తే గోరింటాకు. వచ్చేది నర్సులు, దుకాణాల వాళ్ళ భార్యలు, సెలవు దొరికిన ఇంటిపని అమ్మాయిలు. ఇదీ నిలబడే పనే. కానీ చెప్పులు చదునువి. తాళం నా దగ్గరే ఉంటుంది, బయటికి వెళ్ళాలంటే వెళతాను. మొదట్లో ఎవరిని అడగాలా అని తలుపు దగ్గర ఆగేదాన్ని.

కస్టమర్ల మొహాలు చాలా దగ్గరగా కనిపిస్తాయి. నా చూపు మారలేదు. ఈవిడకి ఇంత, ఆవిడకి అంత అని లోపల ఏదో చెబుతూనే ఉంటుంది. ఎవరూ నన్ను అడగరు కాబట్టి ఎవరికీ చెప్పను.

భీమవరం నర్సు ఘుబ్రాలో ఉంటుంది. రెండు మూడు వారాలకి ఒకసారి పనిగట్టుకుని ఇంత దూరం నా దగ్గరికే వస్తుంది. పోయిన నెలలో వచ్చినప్పుడు, కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని, "ఒకటడుగుతానండి. మీరు ఎప్పుడైనా ఏడుస్తారా?" అంది.

"లేదండి."

"ఏడిస్తే మంచిదండి. మా క్లినిక్‌లో చూస్తూ ఉంటాను, ఏడ్చినవాళ్ళే తొందరగా తేరుకుంటారు."

"రావడం లేదండి."

"ప్రయత్నం చేశారా?"

"చేశాను."

చేశాను కూడా. ఒక ఆదివారం గదిలో ఎవరూ లేనప్పుడు, దుప్పటి కావలించుకుని, పక్క మంచం అమ్మాయి కారెక్కే ముందు అన్న మాటలు కావాలని గుర్తు తెచ్చుకున్నాను. చాలాసేపు కూర్చున్నాను. కాలు తిమ్మిరెక్కింది.

నేను దారం తీసి, ఆవిడని రెప్ప మీద చర్మం వేళ్ళతో బిగించి పట్టుకోమన్నాను. పట్టుకుంది.

మొన్న శుక్రవారం పొద్దున కూరగాయల కొట్టుకి వెళ్ళాను. కొట్టు బంగ్లాదేశీ అతనిది. తమ్ముడితో ఫోన్లో మాట్లాడుతూ టమాటాలు ఏరుకుంటున్నాను. ఫోను పెట్టేయగానే పక్కనున్న మనిషి పలకరించాడు.

"మన తెలుగేనా చెల్లె?"

తల తిప్పి చూసి, గుర్తుపట్టాను. యాభై దాటిన మనిషి. నెరిసిన మీసం, ఎండకి నల్లబడిన మెడ. మా హోటల్‌కి నాలుగైదేళ్ళు వచ్చాడు. నెలకి ఒకటి రెండుసార్లు. స్తంభం పక్క బల్ల దగ్గర ఒక్కడే కూర్చుని ఒక కూల్‌డ్రింకు తాగి, అందరికంటే ముందే లేచి వెళ్ళిపోయేవాడు. ఎవరికీ ఎప్పుడూ దండ పంపలేదు. నేను మధ్యలో ఆడుతున్నప్పుడు నా ఎదురుగా కనబడేది ఆ మొహమే.

"అవునండి. కాకినాడ వైపు" అన్నాను.

"మాది జగిత్యాల దిక్కు. గీ హమ్రియాల్నే రూముండె ఎనిమిదేండ్లు. ఇప్పుడు బహ్లాల ఏసిన్రు కంపెనోళ్ళు. ఇయ్యాల సుట్టి గదా, దోస్తులను సూసి పోదామని వచ్చిన."

"బహ్లాలో ఏం పనండి?"

"సెంట్రింగ్ జేసెటోన్ని. నడుము వట్టేసింది, ఇగ చాతనైతలేదు. సైట్ కాడ వాచ్‌మెన్ డ్యూటీ ఇచ్చిన్రు. యాభై నాలుగొచ్చినయి. మల్ల వీసా కొడ్తరో, కొట్టరో." కొత్తిమీర కట్ట వాసన చూసి సంచిలో వేసుకున్నాడు. "నువ్వేం జేస్తవు చెల్లె?"

"ఇక్కడే, బ్యూటీ పార్లర్లో."

"ఎన్నేండ్లాయె ఒమన్ వచ్చి?"

"పదకొండు."

"పదకొండేండ్లా?" మొదటిసారి నా మొహంలోకి సరిగ్గా చూశాడు. చూసి తల అడ్డంగా ఊపాడు. "ఒక్కపారి గూడ కనవడలే. గీడ తెలుగోళ్ళందరు నాకెరుకనే."

"బయటికి ఎక్కువ వచ్చేదాన్ని కాదండి."

"గంతే తియ్యి. ఆడోళ్ళకు డ్యూటీ, రూము, గంతే." సంచి భుజానికి వేసుకున్నాడు. వేసుకునేటప్పుడు నడుము దగ్గర ఒక చెయ్యి పెట్టుకున్నాడు. వాచ్‌మెన్ పనైనా ఒక ఏడాది చేయగలడేమో అనుకున్నాను. "పోయొస్త చెల్లె. పైలం."

"మంచిదండి" అన్నాను.

ఎండలో రోడ్డు దాటి, గోడ నీడ వెంట నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. నేను నిమ్మకాయలు, కరివేపాకు తీసుకున్నాను. కొట్టతను కొత్తిమీర కావాలా అని అడిగితే వద్దన్నాను. తిరిగి వచ్చేసరికి పార్లరు ముందు ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. తాళం తీసి, ఏసీ వేసి, వాళ్ళని కూర్చోమన్నాను. ముందు ఎవరు వచ్చారని అడిగాను. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, ఎవరైనా పర్లేదన్నారు.